ఏ మైనర్ కింద జీ

అక్క ఇంట్లో ముందు గది. తమ్ముడి ఒళ్ళో గిటార్. అక్క బేస్ గిటార్ గోడకి ఆనించి ఉంది.

"అది ఏ మైనర్ కార్డ్ కాదు, ఏదో ఏడుపు. మళ్ళీ."

"మళ్ళీ వాయించినా అదే వస్తుందక్కా. చిటికెన వేలు అందట్లేదు."

"అందకపోవడం కాదు, అరచెయ్యి గిటార్ మెడకి అంటించి పెట్టుకున్నావు, ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు. వదులు చెయ్యి. బొటన వేలు వెనకాల మధ్యకి దించు."

"దించాను."

"ఇప్పుడు మామూలు ఏ మైనర్ పట్టు. ఆ మూడు వేళ్ళూ కదలకూడదు. చిటికెన వేలొక్కటీ వెళ్ళి లావు తీగ మీద, మూడో ఫ్రెట్ గడిలో పడాలి. అదే జీ."

"పడింది."

"అది పడింది, ఉంగరం వేలు లేచింది. ఒకడొస్తే ఇంకొకడు లేచిపోవడానికి బస్సులో సీటేంట్రా?"

"రెండూ కట్టేసినట్టున్నాయి. ఒకదాన్ని కదిపితే రెండోది కదులుతోంది."

"అందరికీ అంతే. వాయించగా వాయించగా విడిపోతాయి. సరేగానీ, ఇంతకీ నీకెందుకిది?"

"ఊరికే."

"ఊరికేనా?"

"ఊరికే అంటే... తెలిసుంటే మంచిదని."

"ఇన్నేళ్ళుగా హోటల్లో నా పక్కన కూర్చుని వాయిస్తున్నావు. లావు తీగల జోలికి రాకు, ఆ స్వరాలు నావి అంటే బుద్ధిగా తలూపావు. కాగితం మీద ఏ మైనర్ అని రాసి, గీత గీసి, పక్కన జీ అని ఉంటే గీతకి ఇవతలది నీది, అవతలది నాది. అవతల ఏముందో ఏనాడూ చూడలేదు. ఇవాళేమో ద్రాక్షపళ్ళు పట్టుకుని మరీ వచ్చావు."

"ద్రాక్షలకీ దీనికీ సంబంధం లేదక్కా."

"లేదులే. వాయించు. అదిగో, ఐదో తీగ మోగుతోంది."

"మోగితే ఏం? అది కూడా ఏ మైనర్‌లోని స్వరమేగా."

"ఆ కార్డ్‌లోదే. కానీ జీ వినపడాల్సిన చోట పక్కనే అది బుర్రుమంటుంటే అంతా బురద. చిటికెన వేలి కొస కొంచెం వాల్చి దానికి తగిలించు. నొక్కకు. తగిలితే చాలు, నోరు మూస్తుంది."

"మూసింది."

"నీ నోరు తెరిపించడమే కష్టంగా ఉంది. ఎందుకని అడిగాను."

"చెప్పానుగా."

"ఓనరు గారి పాట కోసమా?"

"ఏ పాట?"

"ఏ పాటట. ఆయన హాల్లో అడుగు పెట్టగానే రోజూ మనం ఎత్తుకునే పాట. చరణంలో ఏ మైనర్ నుంచి నేను ఒక్కో స్వరం కిందకి దిగుతుంటాను, నువ్వు పైన కదలకుండా అదే కార్డ్ గీకుతుంటావు. ఆ పాట."

"ఆ... అందులో కూడా వస్తుంది కదా."

"అందులోనే వస్తుంది. మనం వాయించే వాటిలో ఇంకెక్కడా రాదు. మేనేజర్ ఏమన్నాడు?"

"మేనేజరా? పాపం, ఆయనేమంటాడు."

"పాపం అన్నావంటే ఏదో అన్నాడు."

"అక్కా, వేళ్ళు నొప్పెడుతున్నాయి."

"నొప్పెట్టనీ. నీళ్ళు నమలకుండా చెప్పు."

"శనివారం నన్నొక్కణ్ణే వాయించి చూపించమన్నాడు. ఇద్దరం కూర్చుంటే హాల్లో చోటు చాలట్లేదట. మన చోట్లో ఇంకో రెండు బల్లలు వేస్తారట."

"బల్లలు."

"ఆయన మాటేనక్కా. కింది స్వరాలు కూడా నేనే లాక్కొస్తే ఒకళ్ళు చాలన్నాడు. ఓనరు పాటలో మాత్రం తేడా తెలియకూడదన్నాడు."

"తెలిస్తే?"

"ఇద్దర్నీ పంపించేసి స్పీకర్లో పాటలు పెట్టుకుంటాడట."

"పాట ఎవరు పాడతారు?"

"నేనే. రెండో గొంతు లేకపోయినా ఫర్వాలేదన్నాడు."

"రెండో గొంతు ఎవరిదట, నాదా నీదా?"

"అది నేనడగలేదు."

"మరదలికి తెలుసా?"

"తనే పంపింది. ద్రాక్షలు కూడా తనే కొంది."

"అనుకున్నాను. నీకు పులుపు చూసి కొనడం రాదు. అయితే నన్ను తీసెయ్యడానికి కావాల్సిన కార్డ్ నా దగ్గరే నేర్చుకుందామని వచ్చావు, అదీ నేను కొనిచ్చిన గిటార్ పట్టుకుని."

"వీడియోల్లో చూశానక్కా. రాలేదు."

"రాదు. వాళ్ళు నిన్ను తిట్టరుగా."

"నీకు చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు, ఆదివారమా?"

"ముందు నేర్చుకుని తర్వాత చెబుదామని. ఒకవేళ రాకపోతే చెప్పే పనే ఉండదు కదా అని."

"ఎంత పెద్ద మనసురా నీది."

"తిట్టక్కా. గిటార్ లాక్కుని బయటికి పొమ్మను, పోతాను."

"వాయించు."

"ఏంటి?"

"వాయించమంటున్నాను. ఏ మైనర్ నాలుగు దెబ్బలు, చిటికెన వేలు వేసి ఇంకో నాలుగు. వేశాక మొదటి దెబ్బ లావు తీగ ఒక్కదాని మీదే పడాలి. ముందు జీ వినపడాలి, మిగతా తీగలు తర్వాత. ఓనరు నీ కార్డ్ వినడు. స్వరం దిగిందా లేదా, అదే వింటాడు."

"ఇలాగా?"

"ఇందాకటికన్నా నయం. ఇందాక తలుపు కిర్రుమన్నట్టుంది. ఇప్పుడు ఆ తలుపుకి నూనె రాశారు. పాట ఇంకా రాలేదు."

"మేనేజర్ నిన్నెందుకు వద్దన్నాడో అడగవా?"

"ఎందుకట?"

"నువ్వు నవ్వవట. నేనైతే బల్లల వైపు చూసి నవ్వుతూ వాయిస్తానట."

"తప్పు వాయించినప్పుడల్లా నవ్వుతావు. అది నీ స్వభావం అనుకుని ఉంటాడు."

"ఇదిగో, ఇదిగో. ఏ మైనర్... జీ. విన్నావా?"

"విన్నాను. మళ్ళీ."

"ఏ మైనర్... జీ."

"చేతి వంక చూడకుండా."

"ఏ మైనర్... జీ. వచ్చిందక్కా. నిజంగా వచ్చేసింది."

"ఆ, వచ్చింది."

"నాకు సిగ్గుగా ఉంది. నీ పని ఊడగొట్టేవాడికి ఇంత ఓపిగ్గా నేర్పావు. నేనైతే తప్పు ఫ్రెట్ చెప్పి పంపేవాణ్ణి."

"నాకూ ఆ ఆలోచన వచ్చింది."

"మరెందుకు నేర్పావు?"

"హాల్లో చోటు లేదని, ఒకళ్ళు చాలని మేనేజర్‌కి చెప్పిందే నేను."

"నువ్వా? నా కోసమా?"

"కాదురా. ఆ ఒక్కళ్ళు నేనే అవుతాననుకున్నాను."