రెండో ముక్కు

పుప్పొడి కాలం వస్తే కూతురికి ముక్కులు బిగుసుకుపోతాయి. తలపోటుతో ఈ రోజు తిరుగు బస్సెక్కలేక ఆగిపోయింది. తల్లి వాము వేసి మరిగించిన నీళ్ళ గిన్నె ముందు కూర్చోబెట్టి, దుప్పటి కప్పింది.

"ఇక చాలబ్బా."

"అమ్మా అంటే అబ్బా అని వస్తోంది, అప్పుడే చాలా? ఇంకాస్త పీల్చు."

"తగ్గితే రేపు బస్సెక్కేస్తా."

ఇంకో చిటికెడు వాము వెయ్యబోయిన తల్లి చెయ్యి ఆగింది.

"వెళ్తే మళ్ళీ ఏడాదికే కదా నీ ముఖం చూసేది."

కూతురు దుప్పటి లోపల ఇంకాసేపు ఆవిరి పీల్చింది.

"ఎలా ఉందే?"

"ఒక ముక్కు వదిలింది. రెండోది రేపటికీ వదిలేలా లేదమ్మా."

ఆ 'అమ్మా' గంట కొట్టినట్టు వినిపించింది.

"దానికి తొందరేముందిలే," అంది తల్లి, దుప్పటి అంచు సర్దుతూ. "ఎల్లుండి చూద్దాం."