దొరగారి బరువు

పడగ్గదిలో బరువు చూసుకునే మెషిన్ మీంచి దిగి, భర్త చంకలోని పిల్లిని మంచం మీద వదిలాడు. భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"దొరగారు మళ్లీ పెరిగారు. రేపట్నుంచి వీడికి తిండి బంద్."

"ఒక్కసారిగా మాన్పిస్తే పిల్లులకి లివర్ దెబ్బతింటుందని డాక్టరమ్మ చెప్పింది కదండీ. కొంచెం కొంచెంగా తగ్గించమంది."

"తగ్గిస్తూనే ఉన్నాం, వారం వారం పెరుగుతూనే ఉన్నాడు. నువ్వే దొంగచాటుగా పెడుతున్నావ్."

"నేనా? కొలిచి పెట్టేది మీరు. నేను ఎత్తుకుంటే తేలిగ్గానే ఉన్నాడు, ఈమధ్య నడుం కూడా కనిపిస్తోంది. అసలు మీరెలా తూస్తున్నారు?"

"వీణ్ని ఎత్తుకుని మెషినెక్కుతాను. వచ్చినదాంట్లోంచి నా బరువు తీసేస్తాను. ఆమాత్రం లెక్క రాదనుకున్నావా?"

"మీ బరువెంతేం?"

"డెబ్బై."

"ఎప్పుడు చూసుకున్నారు?"

"మన పెళ్లికి ముందు. నా బరువు నాకు తెలీదా?"

"ఆ పెళ్లి చొక్కాకి ఇప్పుడు ఒక్క బొత్తాం పెట్టి చూపించండి, చాలు. ఏదీ, ఈసారి వట్టి చేతులతో ఎక్కండి."

"ఎక్కాను."

"ఎంత చూపిస్తోంది?"

"మెషిన్ పాడైనట్టుంది."

"భేషుగ్గా ఉంది. ఇన్నాళ్లూ మీ పొట్టని తీసుకెళ్లి ఆ నోరులేనివాడి ఖాతాలో వేశారు. పైగా నన్ను దొంగని చేశారు! పదండి, ముందు వాడికి తిండి పెట్టండి."

"మరి నాకు?"

"కంగారుపడకండి, ఒక్కసారిగా మాన్పించను. డాక్టరమ్మ చెప్పినట్టే, కొంచెం కొంచెంగా తగ్గిస్తాను."