పేరమ్మ రెండు పాలముంతలు

పేరమ్మని ఒకామె ఉండేదంట, ఏటి ఇవతల నాపరాళ్ళ గనులున్నాయే, ఆ పక్క ఊళ్ళో. మనిషి మంచిదే, చేసే చెయ్యే, గాని ఆమెకి ఒక పట్టు ఉంది. ఏందంటే, పాతది అయిపోందే కొత్తది ముట్టుకోగూడదు. నిన్నటి అన్నం ఉందనుకో, అది తినాల, ఇయ్యాళ్టి అన్నం రేపటికి. పొద్దున్నే వండిద్ది, పొగలు కక్కతా ఉంటది, దాని మీద మూత పెట్టి నిన్నటి అన్నం వడ్డించిద్ది. ఆ ఇంట్లో వేడన్నం తిన్నోడే లేడు అనుకో. మొగుడు బతికున్నప్పుడు ఒకనాడు అడిగాడంట, ఏమే పేరీ, అది చల్లారేదాకా ఆగి తినటం దేనికే, వేడిగా ఉన్నప్పుడే పెట్టరాదా అని. పెడతాను, నిన్నటిది తిన్నాక పెడతాను అందంట. నిన్నటిది తినేసరికి కడుపు నిండిద్ది, ఇంక కొత్తది ఎవురికి? రేపటికి. పాపం ఆయన పోయిందాకా అంతే. నవ్వమాకండి, మీ ఇళ్ళల్లో మాత్రం ఏముందిలే, కొత్త చింతపండు కుండలో పెట్టుకొని పాతదే పిసుకుతా ఉండరా? మిరపకాయల తొడిమలు తీస్తా ఇనండి, చేతులు ఆపమాకండి, మేస్త్రి చూశాడంటే నన్నంటాడు.

ఆమెకి ఒక్కడే కొడుకు, ఎలమంద. గనిలో నాపరాయి కొట్టే పని. కోడలు తిరపతమ్మ, ఏటి అవతలి ఊరి పిల్ల. చాన్నాళ్ళకి వాళ్ళకో మగబిడ్డ పుట్టాడు, చిన్నోడా చిన్నోడా అని పిలుచుకునేవాళ్ళు. పేరమ్మకి ఆ చిన్నోడంటే పంచప్రాణాలు. ఏమైందంటే, పిల్లోడికి ఏడాది నిండతందనంగా కోడలికి జొరం తగిలింది, పాలు ఇగిరిపోయినయి. ఇంట్లో ఈనిన మేక ఉందిగదా, మేకపాలు తాపండి అన్నారు. సరేనని పేరమ్మే పూనుకుంది. పొద్దున పిండినయి ఒక ముంత, మాపున పిండినయి ఒక ముంత, కాచి దాలిగుంటలో పిడకల సెగ మీద పెట్టేది. మరి పాతది అయిపోందే కొత్తది ముట్టుకోగూడదు గదా. అందుకని పొద్దున్నే పిల్లోడు లేస్తే రాత్రి ముంత తీసి తాపేది. పొద్దుగూకి ఏడిస్తే పొద్దుటి ముంత తీసి తాపేది. ఇంట్లో అన్నీ అట్టాగే జరిగేయి, పాలు మాత్రం ఇంకోరకంగా ఎందుకు జరుగుతాయి? కోడలికీ అలవాటైపోయింది, అడగలా.

ఇంక చూడు. తెల్లారి పాలు తాగుతాడు, ఉయ్యాల్లో వెయ్యకముందే కళ్ళు వాలుస్తాడు. ఎండ నడినెత్తికొచ్చినా లెగడు, రోకళ్ళు దంచినా లెగడు, వాకిట్లో మేళం పోయినా లెగడు. దీపాలు పెట్టే యాళకి పాలు తాగుతాడు, ఇంక పిల్లోడికి తెల్లారిద్ది. నవ్వుతాడు, పాకతాడు, గరిట తీసి కుండ మీద కొడతాడు. ఏడుపన్నా ఏడిస్తే ఏదో నొప్పి అనుకోవచ్చు, ఏడవడే. ఆడికి అది పగలు. పడుకోబెడితే మాత్రం ఏడుస్తాడు. ఎలమంద రాత్రంతా భుజానేసుకొని తిప్పేవాడు. ఒకరోజు గనిలో నిద్రమత్తులో సుత్తి జారి బొటనవేలు చితికింది. గుడ్డ కట్టుకొని ఇంటికొచ్చి తల్లి ముందర కూకొని, అమ్మా, రేపు కాలు పోయిద్ది, ఎల్లుండి తలకాయ పోయిద్ది, ఈడికి ఏమైందో ఎందుకో తేల్చు అన్నాడంట. పేరమ్మకి ఏం అర్థం కాలా. ఎవురేం చెపితే అది చేసింది. దిష్టి తీసింది. తాయెత్తు కట్టింది. ఉయ్యాల దిక్కు మార్చింది, ఇంకో దిక్కు మార్చింది, నాలుగు దిక్కులూ అయిపోయినయి, మళ్ళీ మొదటి దిక్కుకే వచ్చింది. సోది చెప్పే ఆమెని పిలిస్తే, ఈ పిల్లోడికి పొద్దు తిరగబడింది అందంట. అది మాకూ కనపడతానే ఉంది, ఎందుకు తిరగబడిందో చెప్పమ్మా అంటే, అది ఇంకోసారి వస్తే చెపుతా అని బియ్యం మూట కట్టుకొని పోయింది.

ఇంతలో వియ్యపురాలు దిగింది. పున్నమ్మ ఆమె పేరు. తిరపతమ్మ తల్లి. ఆమె సంగతి ఎట్టాంటిదంటే, పేరమ్మ ఉప్పైతే ఆమె నిప్పు అనుకో. ఆ ఇంట్లో సాయంత్రం వండింది తెల్లారేసరికి ఉండదు. తినేది తింటారు, మిగిలింది కుక్కకి, పక్కింటి పిల్లలకి. కుండ బోర్లించి పడుకుంటారు. కూతుర్నీ మనవణ్ణీ చూసి, ఇట్టా పీక్కుపోయారేందమ్మా అని ఏడ్చి, ఇద్దర్నీ బండెక్కించుకొని ఏరు దాటించింది. రెండో రోజుకల్లా కబురొచ్చింది. చిన్నోడు పొద్దుగూకంగానే పడుకుంటన్నాడు, కోడి కూసినాక లేస్తన్నాడు అని. ఎలమంద సంతోషపడ్డాడు. పేరమ్మకి మాత్రం బాధేసింది. మంచిదే గదా, ఎందుకు బాధ? బాధే మరి. నా ఇంట్లో పడుకోనోడు ఆ ఇంట్లో పడుకున్నాడే అని.

పోయి తీసుకొచ్చింది. వచ్చాక మళ్ళీ మామూలే, రాత్రి జాగారం. పున్నమ్మ మళ్ళీ వచ్చి తీసకపోయింది, ఆడ నిద్రపోయాడు. మళ్ళీ తెచ్చారు, ఈడ జాగారం. ఊరంతా నవ్వింది. ఏరు దాటితే నిద్ర, ఏరు దాటకపోతే జాగారం, ఆ ఏట్లోనే ఏదో ఉందిరా అన్నారు కొందరు. పేరమ్మ పోయి ఏటినీళ్ళు తెచ్చి పిల్లోడికి పోసింది. పున్నమ్మ ఇంటి వాకిట్లో మట్టి తెచ్చి ఉయ్యాల కింద చల్లింది. వాళ్ళ ఉయ్యాలే రెండ్రోజులకని అడిగి తెచ్చింది. ఆఖరికి వాళ్ళ మేకనే అట్టాగే అడిగి తోలుకొచ్చింది. అదే మేక, అదే పిల్లోడు, అదే ఉయ్యాల. పాలు పిండింది, కాచింది, దాలిలో పెట్టింది, పాత ముంత అయిపోయినాక కొత్త ముంత తీసింది. ఏమైంది? జాగారం. ఏయ్ నాగేంద్రం, నువ్వు ముందే కనుక్కున్నావులే, ఊరుకో. ఇనేవాళ్ళకి తేలిగ్గానే ఉంటది. ఇంట్లో ఉన్నోళ్ళకి కనపడదు.

పున్నమ్మకి ఓపిక పోయింది. ఊరి పెద్దల ముందర చెప్పేసింది, ఈ ఇల్లు నా మనవడికి పడదు, వచ్చే ఆదివారం బండి తెస్తా, బడికి పోయే వయసొచ్చిందాకా మా దగ్గరే పెరుగుతాడు, తిరపతమ్మా ఆడే ఉంటది, అల్లుడు వస్తా పోతా ఉంటాడు అని. పెద్దలు తలకాయలూపారు. కోడలు ఏడ్చింది గాని వద్దనలా. పేరమ్మ మాత్రం, నా ఇంట్లో ఏం తప్పుందో నేనే చూసి చెపుతా అని పున్నమ్మ ఎనకాలే బండెక్కి పోయిందంట, చుట్టపుచూపుగా ఒక పూట ఉండి చూద్దామని. పిల్లోడు ఆ వారం మొదట్లో అక్కడే ఉన్నాడు మరి.

పోయి అన్నీ చూసింది. గోడలు చూసింది, దూలాలు చూసింది, దీపం ఎటు పెడతారో చూసింది. పొద్దుగూకింది. పున్నమ్మ మేకని పిండింది, పాలు పొయ్యి మీద అట్టా పొంగించి, గోరువెచ్చన చేసి పిల్లోడికి తాపేసింది. మిగిలినయి పిల్లికి పోసి ముంత కడిగి బోర్లించింది. పేరమ్మ ఉన్నచోటునించి లేచొచ్చింది. అదేంది వదినా, అట్టా పారబోస్తే రేపటికేది అంది. రేపు మేక ఉండదా వదినా అంది పున్నమ్మ. ఉంటది, ఉంటే మాత్రం అంది పేరమ్మ. ఉన్నప్పుడు పిండుకుంటాం అంది పున్నమ్మ. ఇంక పేరమ్మకి ఆ పిల్లి తాగిన పాలే కళ్ళల్లో ఆడతన్నయి. పిల్లోడు పక్కనే ఉయ్యాల్లో గురకపెట్టి నిద్రపోతన్నాడు, ఆ సంగతే మర్చిపోయింది. చూడొచ్చింది ఎదురుగానే ఉంది, ఆమె చూసింది పిల్లిని. ఇంటికొచ్చి కొడుకుతో ఏం చెప్పిందంటే, వాళ్ళది దుబారా కొంపరా, ఇంకేం కనపళ్ళా అంది.

ఆదివారం వస్తందనంగా పిల్లోణ్ణీ కోడల్నీ ఇంటికి తీసుకొచ్చారు, బట్టలు సర్దుకోటానికి. శనివారం పొద్దుగూకింది. పేరమ్మ దాలి కాడ కూకొని ఉంది. ఒక పక్క పొద్దుటి ముంత, ఇంకో పక్క అప్పుడే పిండి కాచిన ముంత, ఇంకా నురగ ఉంది. చెయ్యి అలవాటుగా పొద్దుటి ముంత మీదకి పోయింది. పోయి ఆగింది. రేపటినించి ఈడు నా చేతి పాలు తాగడు గదా అనుకుంది. పుట్టి ఇన్నాళ్ళయింది, మేకపాలు మొదలుపెట్టినకాడినించి నా మనవడికి నేను ఒక్కనాడన్నా అప్పటికప్పుడు పిండిన పాలు తాపానా అనుకుంది. ఆ పిల్లికున్న యోగం నా మనవడికి లేకపోయిందే అనుకుంది. కళ్ళమ్మట నీళ్ళు కారతన్నయి. పొద్దుటి ముంత పక్కకి జరిపి, కొత్త ముంత తీసి, పిల్లోణ్ణి ఒళ్ళో పెట్టుకొని తాపింది. కడుపునిండా తాగాడు. మరి ఆ పొద్దుటి పాలు? పారబొయ్యటానికి చెయ్యాడలా. పట్టు పట్టే గదా. ఎత్తుకొని తనే గటగటా తాగేసింది.

ఇంక చూడండి, పిల్లోడు ఒళ్ళోనే తల వాల్చాడు. పేరమ్మ ఆడి ముక్కు కాడ వేలు పెట్టి చూసింది, ఊపిరి ఆడతానే ఉంది. ఉయ్యాల్లో వేసింది. కొడుకూ కోడలూ వచ్చి చూసి, ఏంటత్తా ఏం చేశావు అంటే, నేనేం చెయ్యలేదమ్మా, పాలు తాపాను అంది. వాళ్ళు పడుకున్నారు. ఆమెకి నిద్ర పట్టలా. కళ్ళు గోళీకాయల్లాగా అట్టాగే ఉన్నయి. ఉయ్యాల పక్కన కూకొని, ఈడెందుకు పడుకున్నాడు, నేనెందుకు పడుకోలా అని అటు ఆలోచించి ఇటు ఆలోచించి, ఒకటి పట్టుకుంటే ఇంకోటి జారిపోతంది. పొద్దున్నే మేక ఎట్టుంటది? గంతులేస్తా ఉంటది. మాపున ఎట్టుంటది? నెమరేస్తా కళ్ళు మూస్తా ఉంటది. అయితే పాలల్లో కూడా పొద్దుటియి, మాపటియి ఉంటాయా? ఉంటే ఇన్నాళ్ళూ నేను పిల్లోడికి మాపున పొద్దుటిని తాపానా, పొద్దున మాపుని తాపానా? అనుకుందంట. అనుకొని, ఛ, పాలు పాలే గదా అనుకుంది. మళ్ళీ పిల్లోడి మొహం చూసింది. నిద్రపోయే మొహం ఆమె ఎప్పుడూ తీరిగ్గా చూసింది లేదు. చూస్తా చూస్తా, కోడి కూసేసరికి ఉయ్యాల తాడు పట్టుకొనే నిద్రపోయింది.

తెల్లారింది. పున్నమ్మ బండొచ్చింది, ఎనకాల పెద్దలొచ్చారు. చూస్తే ఏముంది, పిల్లోడు వాకిట్లో ఆడుకుంటన్నాడు, ముసలామె నేల మీద పడి గురకపెడతంది. లేపితే లెగదు. పున్నమ్మ కూతుర్ని అడిగింది. అత్త రాత్రంతా ఉయ్యాల కాడ కూకుందమ్మా, చిన్నోడు కదల్లేదు అని తిరపతమ్మ చెప్పింది. అంతే, పెద్దల్లో ఒకాయన తలకాయన గుడ్డ తీశాడు. మనవడి పీడ ఈమె తన మీదకి తీసుకుందయ్యా అన్నాడు. పున్నమ్మకి ఏడుపు ఆగలా. ఇంత చేసిన మనిషి దగ్గిర్నించి పిల్లోణ్ణి నేనెట్టా తీసకపోతాను అని, నిద్రపోయే ఆమె కాళ్ళకి దణ్ణం పెట్టి, ఉత్త బండి తిప్పుకుంది.

పేరమ్మకి మెలకువొచ్చేసరికి బండి చప్పుడు ఏటి దారిన పోతంది. పిల్లోడు పోయాడనుకుంది. జుట్టు ముడి ఊడిపోయింది, చెప్పుల్లేవు, పరిగెత్తింది. పోయి బండి పక్క గూటపు కర్ర పట్టుకొని, వదినా, పిల్లోణ్ణి తీసకపోమాక, వాడి తప్పు లేదు, ఇంటి తప్పు లేదు, తప్పు నాదే, పొద్దుటి పాలు మాపున తాపాను, మాపటియి పొద్దున తాపాను, పాతదీ కొత్తదీ అని పట్టుపట్టి బిడ్డ నిద్రంతా నేనే తినేశాను, నీ దుబారా కొంపే నయం వదినా అని, ఇన్నేళ్ళ బతుకులో ఎవురికీ తలొంచని మనిషి ఊరందరి ముందర చెప్పేసింది. పున్నమ్మ బండి దిగి ఆమెని కావిలించుకుంది. పిల్లోడు ఇంటి కాడే ఉన్నాడు వదినా, నిద్రలేక నీకు మతి చలించింది, పాలకి పొద్దేంది మాపేంది, పోయి పడుకో అంది. బండిని సాగనంపటానికి వచ్చిన పెద్దలు కూడా అదే అన్నారు. చూశారా, ఎంత గొప్ప మనిషో, చేసిన పుణ్యం కూడా చెప్పుకోటం లేదు అన్నారు.

అదమ్మా. పిల్లోడు ఆ ఇంట్లోనే పెరిగాడు, రాత్రిళ్ళు నిద్రపోయాడు, మేకని పిండిన పూట పాలు ఆ పూటే తాగాడు. ఆమె చెప్పిన నిజం ఒక్కడూ నమ్మలా, ఆమె చెప్పందాన్ని మాత్రం ఊరూరూ నమ్మింది. నిద్రపోని పిల్లల్ని ఎత్తుకొని ఎక్కడెక్కడి తల్లులో వచ్చేవాళ్ళు, పీడ తీసుకోమ్మా అని ఆమె కాళ్ళ మీద పడేసేవాళ్ళు. ఏ పూట పాలు ఏ పూట తాపుతున్నారే అని ఆమె అరిచేది. వాళ్ళు నిమ్మకాయ అక్కడ పెట్టి దణ్ణం పెట్టుకొని పోయేవాళ్ళు. మా అమ్మ నన్నూ తీసకపోయిందంట. ఆమె పాల సంగతి చెప్పిందా అని అడిగితే, చెప్పింది గాని ముసలామె మాటలు మనకెందుకులే అని ఇనలేదు అంది మా అమ్మ. అందుకే నేనిట్టా తయారయ్యాను, పగలంతా కునుకు, రాత్రంతా కథలు. లేవండి లేవండి, మేస్త్రి వస్తన్నాడు, ఎవురూ నిద్రపోయినట్టు కనపడమాకండి.