పిల్లసుడి

ప్రయోగశాలలో, ఆగిపోయిన తిరుగుడు బల్ల దగ్గర, పరిశోధన చేసే అమ్మాయి; అక్కడే మెకానిక్‌గా పనిచేసే ఆమె బాబాయి.

"ఎవరు ఆపారని అడుగుతున్నాను బాబాయ్."

"కరెంటు పోయిందేమో."

"లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. నా బల్లకే పోయిందా కరెంటు?"

"ముందు కూర్చో తల్లీ."

"కూర్చోను. బల్ల మీది తొట్టిలో నీళ్ళు బల్లతో సమానంగా తిరగడానికి ఆరు గంటలు పడుతుందని నీకు తెలీదూ? పొద్దున్నే పరీక్షకులు వస్తున్నారు. భూమి తిరిగినట్టు బల్ల తిరగాలి, సముద్రంలో ప్రవాహం ఒంగినట్టు నీళ్ళలో వేసిన రంగు ఒంగాలి, తొట్టి గోడవార నేను కనిపెట్టిన చిన్న సుడి, నా పిల్లసుడి, కనబడాలి. అది కనబడితేనే నాకు పట్టా."

"నేనే ఆపాను."

"బుద్ధుందా నీకు?"

"బల్ల కాలి కింద రేకు ముక్క తీద్దామని..."

"ఏం రేకు?"

"చిన్నదే. గోరంత మందం."

"గోరంతైనా బల్ల ఒరుగుతుంది. ఒరిగితే ప్రతి చుట్టుకీ నీళ్ళు ఊగుతాయి. రోజూ రసమట్టం చూస్తాను, బుడగ నడిమధ్యలోనే ఉంటుంది. కథలు చెప్పకు."

"బుడగ అలా ఉండేలా రసమట్టం మరలు తిప్పాను."

"ఎప్పుడు?"

"అప్పుడే... రేకు పెట్టినప్పుడే."

"ఎప్పుడు బాబాయ్?"

"మూడేళ్ళయింది."

"అంటే పిల్లసుడి..."

"ఆదివారం రేకు తీసి తిప్పి చూశాను. సుడి రాలేదు. భయమేసి మళ్ళీ పెట్టేశాను. ఇవాళ మనసొప్పక తీసేశాను."

"మూడేళ్ళు! మూడేళ్ళ చాకిరీ బూడిదలో పోశావు. ఎందుకు పెట్టావసలు?"

"ఆర్నెల్లయినా ఏమీ తేలడం లేదని, చదువు మానేస్తానని ఆ మెట్ల మీద కూర్చుని ఏడ్చావు. బల్ల కాస్త ఒరిగితే నీళ్ళలో ఏదో ఒకటి కదులుతుందని నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా దీంతోనే ఉన్నాను కదా. ఏదో ఒకటి కనిపిస్తే ఏడుపు మానతావనుకున్నాను. నువ్వు దానికి పేరు పెట్టి, పేపర్లు రాస్తావని కలగన్నానా?"

"ఇప్పుడా చెప్పడం? రేపనగా?"

"మళ్ళీ పెట్టేస్తాలే. ఎవరికీ తెలీదు."

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను. మోటారు వెయ్యి. సుడి రాదని రేపు నేనే చూపిస్తాను."

"పట్టా పోతుందే."

"పోనీ."

"రేకు ఎవరు పెట్టారని అడుగుతారు. నాకింకా నాలుగు నెలల సర్వీసుంది..."

"తెలుసు. నువ్వు నోరెత్తావో, జన్మలో నీ మొహం చూడను. నేనే పెట్టానని చెప్తాను."