రోకలి పంపితే చాలన్నారు

"అమ్మమ్మా, అటక మీద పాత రోకలి ఉండాలంటగా? అమ్మ తెమ్మంది. నా పెళ్ళికి పసుపు కొట్టే రోజున పెడతారంట. ఫోటోలు బాగా వస్తాయని."

రోకలా? రోకలి తెమ్మందా మీ అమ్మ? ఊఁ. కూర్చోవే, కూర్చో. ఇప్పుడే వచ్చి ఇప్పుడే పోతావా ఏంది. ఆ ఫోనులో ఆ ఎర్ర చుక్క ఏంది, నా మాటలు ఎక్కిస్తున్నావా? ఎక్కించుకో, నాకేం భయం.

ఉంది రోకలి. యాడికి పోద్ది? గోనె చుట్టి పెట్టా. చండ్ర కర్ర, చెద పట్టదు. అది మా అమ్మది. అంటే మీ అమ్మకి అమ్మమ్మ. మీ అమ్మకి గుర్తుండదులే, ఆమె పోయేనాటికి పాలు తాగే పిల్ల. తీసుకెళ్దువుగానిలే. దాని కత కాస్త విని తీసుకెళ్ళు. ఫోటోలో అది రాదు గదా.

మా అమ్మ దంపుళ్ళ మనిషి. ఇళ్ళకి పోయి వడ్లు దంచి, కారం కొట్టి బతికింది. మా నాన్న పత్తిచేలో పాము కరిచి పోయాడు. నాకప్పుడు ఐదేళ్ళు, కాదు కాదు, ముందు పళ్ళు ఊడాయి అప్పటికి, ఆరే. పొలమా లేదు, పుట్రా లేదు. చేతిలో ఉన్నది ఆ రోకలి ఒక్కటే. ఊళ్ళో పెద్దిల్లు ఒకటుండేది. మూడు జతల ఎడ్లు, చేలల్లో మిరప, పత్తి, చెరువు కింద వరి. ఆ ఇంటావిడ రత్తమ్మగారని, మనిషి మంచిదే. అబద్ధం ఎందుకు చెప్పాలి, మంచిదే. మంచివాళ్ళ చేతిలో పడే దెబ్బ ఇంకో రకంగా తగులుద్ది, అది నీకు ముందు ముందు తెలుస్తది.

కూలి ఏమిచ్చేవాళ్ళంటావా? డబ్బులెవరిస్తారే అప్పుడు. దంచిన మనిషికి నూకలూ తవుడూ. అది ఆనవాయితీ. బియ్యం ఇంటివాళ్ళవి, చెరిగితే వచ్చిన నూకలు మావి, తవుడు మాది. దంచినమ్మకి బొక్కిందే కూలి అంటారు, ఊరికే అన్నారా? కానీ ఆ నూకలే మాకు అన్నం. ఆ తవుడు పెట్టి గేదెని మేపింది మా అమ్మ. పాలు పోసి ఉప్పూ చింతపండూ కొనేది. చూడు, ఒక్క రోకలి మీద ఇల్లు, గొడ్డు, ఇద్దరు ఆడమనుషులు నిలబడ్డారు.

నాకు పదకొండో పన్నెండో వచ్చాక నన్ను కూడా రోలు కాడికి ఎక్కించింది. ఎదురెదురుగా నిలబడి దంచాలి. ఆమె ఎత్తితే నేను దించాలి, నేను ఎత్తితే ఆమె దించాలి. లెక్క తప్పితే వేళ్ళు చితికిపోతాయి. మా అమ్మ పెదవి మూసుకుని హుఁ, హుఁ అంటా దంచేది. నా చేతిలో రోకలి పెద్దింటిది. ఆమెది మాత్రం ఆమె సొంతం. ఇంకోళ్ళ రోకలి చెయ్యికి కుదరదనేది. దాని అడుగున ఇనప చుట్టు ఉంటది, పొన్ను అంటారు దాన్ని. నలగ్గొట్టేది అదేనే. పైన కర్ర ఊరికే బరువు.

వడ్లు దంచటం ఒక ఎత్తయితే ఎండాకాలం కారం కొట్టటం ఒక ఎత్తు. కల్లాల్లో కాయ ఎండాక ఏడాదికి సరిపడా కొట్టించుకునేవాళ్ళు. ముచ్చికలు తీసి, మళ్ళీ ఎండబెట్టి, రోట్లో పోసి కొడతా ఉంటే, అబ్బో, వీధి చివర కుక్క కూడా తుమ్మేది. మా అమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకునేది. కళ్ళకేం కడతది? సాయంత్రానికి చేతులు మండిపోతా ఉంటే మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. అయినా కారం రోజులంటే మాకు ఇష్టం. రత్తమ్మగారు అన్నం పెట్టేది, కొత్త కారం వేసి, నెయ్యి వేసి. నీ ముద్ద ఎర్రగా ఉందా, నా ముద్ద ఎర్రగా ఉందా అని ఆటలాడేదాన్ని మా అమ్మతో.

ఏం చెప్తున్నా... ఆఁ, మిల్లు.

పేట నుంచి ఎవరో ఆయన వచ్చి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేశాడు. పేట అంటే చిలకలూరిపేట, మాకు అదే పట్నం. ముందు ఆయిలింజను పెట్టాడు, తర్వాత ఊళ్ళోకి కరెంటు వచ్చాక మోటారు. ఇంజను టకటకమంటా ఉంటే ఊరంతా తిరణాలకి పోయినట్టు పోయింది. నేనూ పోయా. నాకు బాగుందే, నిజం చెప్తున్నా. పైన వడ్లు పోస్తే కింద బియ్యం తెల్లగా మల్లెపూలల్లే పడతా ఉంటే నోరు తెరుచుకుని చూశా. ఇంటికొచ్చి అమ్మా అమ్మా అని చెప్పా. మా అమ్మ అడిగింది ఒక్కటే. "తవుడు ఎవరు తీసుకుంటున్నారే?" అని.

తవుడు మిల్లాయనది. అడిగిన వాళ్ళకి అమ్మేవాడు.

మొదట్లో ముసలాళ్ళు ఒప్పుకోలా. మిల్లు బియ్యం చప్పగా ఉంటాయి, తింటే కాళ్ళు వాస్తాయి అన్నారు. ఒక పంట వరకే ఆ మాటలన్నీ. తర్వాత ఒక్కో ఇల్లూ పోయింది. బస్తా బండి మీద వేసుకుని పోతే గంటలో తిరిగొస్తుంటే ఎవరు పోరు చెప్పు? పెద్దిల్లు ఒక్కటే మిగిలింది. "నీ చేతి బియ్యం కాకపోతే మా ఆయనకి ముద్ద దిగదే" అనేది రత్తమ్మగారు. మా అమ్మ ఆ మాట పట్టుకుని బతికింది.

ఒక పొద్దున రోకలి భుజానేసుకుని పోయామా, వాకిట్లో వడ్ల బస్తాలు బండెక్కి ఉన్నాయి. ఆవిడ మమ్మల్ని చూసి కొంచెం తడబడింది. "ఇవ్వాళ్టికి లేదులే" అంది. ఇవ్వాళ్టికి! ఆ ఇవ్వాళ ఇంకా అయిపోలేదే తల్లీ, నాకు ఇన్నేళ్ళొచ్చినా.

అంతే. ఆ ఇంట్లో మాకు నూకలు చెల్లాయి. మా అమ్మ మిరపకోతలకి పోయింది, పత్తి తీతకి పోయింది. అవి ఏడాదంతా ఉండవు గదా. తవుడు కొనలేక గేదెని అమ్మేసింది. దాన్ని తోలుకుపోతుంటే గుమ్మం దాకా కూడా రాలా. లోపల చేట తీసుకుని చెరుగుతా కూర్చుంది. చేటలో ఏమీ లేదు.

రెండేళ్ళకో ఏమో పెద్దింట్లో పెళ్ళి కుదిరింది. వాళ్ళమ్మాయి సుశీల అని, నాకంటే రెండు మూడేళ్ళు పెద్దది. ఆ కబురు మా అమ్మ చెవిన పడ్డదగ్గర్నుంచి చూడాలి. మనిషికి ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే అంతకుముందు పెళ్ళంటే దంపుళ్ళ మనిషికి నెల రోజుల పని. పెళ్ళి బియ్యం, కారం, పప్పులు, పసుపు, అన్నీ. నెలంతా అక్కడే అన్నం, చివర్లో చీర. "ఎన్ని మిల్లులొచ్చినా పెళ్ళి బియ్యం మిల్లులో ఆడిస్తారా? రత్తమ్మగారు ఒప్పుకోదు" అంది. నేను కూడా నమ్మా.

రోకలి దించింది. వాడక వాడక కర్ర ఎండి కుదించుకుపోయి, పొన్ను వదులై గలగలమంటంది. గేదె పోయినా కుడితి తొట్టి ఉందిగా, దాంట్లో నీళ్ళు పోసి రెండు రోజులు నానబెట్టింది. కర్ర ఉబ్బి పొన్ను బిగుసుకుంది. ఆరాక నూనె రాసింది. మా తలలకి లేని నూనె. చుట్టుపక్కల వాళ్ళకి కూడా చెప్పుకుంది, పెద్దింటి వాళ్ళు పిలుస్తారని.

పిలుపొచ్చింది. వాళ్ళ పాలేరు వచ్చాడు.

"పిన్నీ, అమ్మగారు రోకలి పంపమన్నారు. రేపు పొద్దున పసుపు కొట్టాలంట. మా రోకళ్ళు కోళ్ళ గూటికి అడ్డంగా పెట్టారు గదా, చెద తినేసింది."

"ఎన్ని గంటలకి రమ్మన్నారురా?"

వాడు కాళ్ళకేసి చూసుకున్నాడు. "నువ్వెందుకు పిన్నీ. రోకలి పంపితే చాలన్నారు. ఐదుగురు ముత్తైదువలు వచ్చి కొడతారంట."

"మరి బియ్యమో?"

"మొన్ననే మిల్లుకి తోలా. కారం కూడా పేటలో ఆడించుకొచ్చారు."

మా అమ్మ, "పిల్ల చేత పంపిస్తాలే, పో" అంది. అన్నేళ్ళు ఆ ఇంటి కూడు దంచిన చెయ్యి, మొగుడు పోయిన మనిషిదని తెలియకనే దంచించుకున్నారా? బియ్యానికి లేని మైల పసుపుకొచ్చింది. మనిషి అక్కర్లేదంట, ఆ మనిషి రోకలి మాత్రం కావాలంట. దానికి వైధవ్యం లేదు గదా!

వాడు పోయాక రోకలి తిరగేసి గడప మీద పెట్టింది. రాయి తీసుకుని పొన్ను ఊడగొట్టటం మొదలుపెట్టింది. రెండు రోజులు నానబెట్టి తనే బిగించింది గదా, ఊరికే వస్తదా? చెమటలు పట్టేదాకా కొట్టింది. ఊడొచ్చాక కొంగున కట్టుకుంది. నాకు భయమేసింది. "ఏందమ్మా ఇది" అంటే, "పొన్ను లేకపోతే పసుపు కొమ్ము నలగదే. జారిపోద్ది. అప్పుడు చూసుకుంటారు. అడగటానికి వస్తారు. ఆవిడే వస్తది. ఈ వాకిట్లో నిలబడి అడగనీ, అప్పుడిస్తా" అంది.

పొద్దున్నే నేను తీసుకుపోయా. రోలుకి సున్నం కొట్టి పసుపు రాసి ముగ్గేసి ఉంచారు. రత్తమ్మగారు నా చేతిలో రోకలి తీసుకుని తనే పసుపు పూసింది, బొట్లు పెట్టింది, మామిడాకులు కట్టింది. అడుగున పొన్ను ఉండాల్సిన చోట కూడా పూసింది. నేను ఆవిడ చేతుల వంకే చూస్తా ఉన్నా, ఇప్పుడు చూస్తది, ఇప్పుడు అడుగుద్ది అని. పట్టుచీరలు కట్టుకున్న ఐదుగురూ తలో చెయ్యీ వేసి రోకలి ఎత్తారు. పాట పాడతా దించారు. ఒక కొమ్ము ఎగిరొచ్చి నా కాలి దగ్గర పడింది. ఎక్కడా గీత కూడా పడలా. అందరూ నవ్వారు. అంతే, రోకలి గోడకి ఆనించేశారు. లోపల్నుంచి ఎవరో డబ్బా తెచ్చి రోట్లో గుమ్మరించారు. మిల్లులో ఆడించిన పసుపు. దాన్నే తీసి పెళ్ళికూతురికి పెట్టారు.

"అయిపోయిందే, రోకలి తీసుకుపో. మీ అమ్మని అడిగానని చెప్పు" అంది ఆవిడ. నా చేతిలో ఒక అరిసె పెట్టింది.

ఇంటికొచ్చేసరికి మా అమ్మ తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. వాకిలి కూడా ఊడ్చింది, ఆవిడ వస్తదని.

"ఏమన్నారే?"

"ఏమనలేదమ్మా."

"ఎవరూ చూళ్ళేదా?"

"చూళ్ళా."

"మరి కొమ్ము నలిగిందా?"

"నలగలేదమ్మా. నలగాల్సిన పనేం లేదు. మిల్లు పసుపు తెచ్చుకున్నారు."

కొంగు ముడి విప్పి ఆ పొన్ను అరచేతిలో పెట్టుకుని చూస్తా కూర్చుంది. గేదె పోయిన రోజున ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. నాకు ఏం చెయ్యాలో తెలీక అరిసె ఇచ్చా. తీసుకుని, సగం విరిచి నాకే పెట్టింది. ఆ పొన్ను మళ్ళీ రోకలికి తొడగలా. పోయేదాకా తొడగలా.

నేను మిల్లుని తిట్టటంలేదే. నా వంటింట్లో మిక్సీ లేదా, గ్రైండరు లేదా? మళ్ళీ రోలు కాడికి పొమ్మంటే నేను పోతానా? నా అరచేతులు చూడు, ఆ కాయలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. సుఖమొచ్చింది, కాదన్ను. నా కడుపుమంటంతా మనుషుల మీదే. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, అన్నేళ్ళ మనిషిని ఒక్క మాటన్నా లేకుండా తీసి పక్కన పెట్టారు. అదే, ఆవిడ గుమ్మంలోకి వచ్చి "ఇక నిన్ను పిలవలేనే" అని ఉంటే మా అమ్మ సరే అనేది. నిజంగా అనేది.

సరే, పొద్దు పోతంది, నీ బస్సు టైము. నిచ్చెన వేసుకుని దించుకో. జాగర్త, బరువుంటది. ఆఁ, ఏంది చూస్తున్నావు, అడుగున బోసిగా ఉందనా? చెప్పాగా. పొన్ను నా ట్రంకుపెట్టెలో ఉంది.

ఇంతకీ మీ అమ్మ ఏమని పంపింది నిన్ను? రోకలి తెమ్మందా, అమ్మమ్మని కూడా తెమ్మందా?

ఏందే, ఫోను వంక చూస్తావు?

నాకు తెలుసులే. మీ తాత పోయి మూడేళ్ళవుతంది, ఐదుగురు ముత్తైదువలు కావాలి, నాకు తెలీదా ఏంది. నువ్వెందుకు తల దించుకుంటావు? నువ్వేం చేశావు, పిచ్చి మొహమా. ఇటు రా. చల్లగా ఉండు తల్లీ, పసుపుకుంకాలతో నూరేళ్ళు ఉండు. నీ చెయ్యి ఎవరికీ ఎప్పుడూ అక్కర్లేకుండా పోకూడదు.

రోకలి తీసుకుపో. ఫోనులో ఎక్కించింది మాత్రం మీ అమ్మకి వినిపించకు, ఊఁ? పొన్ను సంగతి చెప్పొద్దు. మీ అమ్మే చూసుకుని అడుగుద్దేమో చూద్దాం. ఆ రోజున నేను వాకిలి ఊడ్చుకుని కూర్చునే ఉంటా...