తోడల్లుళ్ల సౌనా పందెం

హలో, తైమీ? …ఆ, నేనేనే, హెల్కా అక్కని.

సరస్సు దగ్గర్నుంచే… ఆ, ఇద్దరూ ఇక్కడే. నువ్వు బండి నడపట్లేదుగా? …అయితే కూర్చో.

ఏం లేదు, కూర్చోమన్నానంతే… అందరూ బతికే ఉన్నారు.

…కాదే, మీ బావ కాదు. అర్వో శుభ్రంగా ఉన్నాడు. ఆ గుండె ఆపరేషన్ మనిషికి ఏమీ కాలేదు. సౌనాలో, ఆ ఆవిరిగదిలో పడిపోయింది మీ ఆయన.

…టౌనోనే! ఇంకెంతమంది మొగుళ్లున్నారు నీకు?

అరవకు, చెవి పోతోంది… లేచాడు, మాట్లాడుతున్నాడు. అంబులెన్సు వచ్చి చూసి వెళ్లింది కూడా. గుండె బాగానే కొట్టుకుంటోందట. బి.పి. పడిపోయిందట, ఒంట్లో నీళ్లు లేవట.

…చెప్తాను, మొదట్నుంచీ చెప్తాను.

మీ బావ సంగతి తెలుసుగా. ఆపరేషన్ అయ్యాక సౌనా వైపే చూడలేదు. డాక్టరమ్మ ఎప్పుడో వెళ్లమంది… ఆ, మెట్లెక్కితే ఆయాసం రావట్లేదుగా, వెళ్లు, రక్తనాళాలకి మంచిదే, నిద్ర కూడా బాగా పడుతుంది అంది. అయినా ఈయనకి భయం. పైకి చెప్పడు. ఓసారి కట్టెలు తడిగా ఉన్నాయంటాడు, ఓసారి పొగగొట్టం బాగోలేదంటాడు.

…మరే! మన ఇంట్లో సౌనా లేని శనివారాలు!

ఇవాళ మీ ఆయన వస్తూనే తానే పొయ్యి రాజేశాడు. "రావయ్యా తోడల్లుడా, ఎవరు ఎక్కువసేపు కూర్చుంటారో తేల్చుకుందాం" అని.

…నేనూ అదే అన్నా! సౌనాలో పందేలేంటయ్యా, ఒళ్లు చాలనగానే బయటికి రావాలి గానీ అని. వింటేగా.

…తాగాడు. బీరు. లోపలికి వెళ్లకముందే. నీళ్లు తాగమని ఇస్తే, అవి పొయ్యి మీది వేడి రాళ్లపై పోయడానికే అన్నాడు.

…ఏంటీ? బి.పి. మాత్ర మోతాదు పెంచారా? ఈ వారమేనా? మాతో ఒక్క ముక్క అంటే ఒట్టు! మహానుభావుడు.

సరే, విను. అర్వో కాదనలేక వెళ్లి, డాక్టరమ్మ చెప్పినట్టే కింది మెట్టు మీద, తలుపు పక్కన కూర్చున్నాడు. మీ ఆయన పై మెట్టెక్కి గరిటెల కొద్దీ నీళ్లు రాళ్ల మీద… ఒకటే ఆవిరి. పైగా ఎగతాళి, "తలుపు దగ్గర కూర్చున్నావేం, బస్సు కోసమా?" అని. నేను బయట చేపలు వేయిస్తున్నా, అంతా వినబడుతోంది.

…ఆ తర్వాతా? మాట ఆగిపోయింది. టౌనో నోరు ఆగడమే! మీ బావకి అక్కడే అనుమానం వచ్చిందట. తిరిగి చూస్తే గోడకి వాలిపోయి, కళ్లు తేలేసి ఉన్నాడట.

ఇంకేముంది… ఆ ఎలుగుబంటంత మనిషిని చంకల కింద చేతులేసి దింపి, అరుగు మీదకి లాక్కొచ్చేశాడు. ఒంటి మీద నూలుపోగు లేదు ఇద్దరికీ…

నవ్వకే! నాకెలా ఉందనుకున్నావ్? ఒకరికి ఊపిరుందో లేదో, ఇంకొకరి గుండె ఏమవుతుందో…

ఆ కంగారులో బకెట్టెడు సరస్సు నీళ్లు తెచ్చి మీ ఆయన మీద గుమ్మరించబోయా. "వద్దు! తడిగుడ్డ చాలు! కాళ్లు ఎత్తిపట్టుకుంటాను, నువ్వు ఫోన్ చెయ్యి!" అని కేకేశాడు. …మీ బావే! ఈమధ్య ఉప్పు అందివ్వమనడానికి కూడా గొంతు పెగలని మనిషి.

…అంబులెన్సు వాళ్లు ఆయన్నీ చూశారులే. నేనే పట్టుబట్టా. "మీ గుండె బాగానే ఉంది, ముందు ఈయన సంగతి చూద్దాం" అంది నర్సు. మీ ఆయన మొహం చూడాలి!

…ఇప్పుడా? దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చున్నాడు. కళ్లు తెరవగానే ఏమన్నాడో తెలుసా? "ఎవరు గెలిచారు?"

…తిడుదువుగానిలే. ఈ పూటకి ఇక్కడే ఉంచుతాం, ఒంటరిగా వదలొద్దన్నారు. రేపు నువ్వొచ్చి తీసుకెళ్లు.

ఉండు, అర్వో ఏదో అంటున్నాడు… ఏంటీ? …ఎక్కడికీ? …నిజంగానా?

తైమీ… నన్ను సౌనాకి రమ్మంటున్నాడే.

…అవును, తనంతట తనే! నర్సు వెళ్లేముందే అడిగాడట కూడా. బాగా విశ్రాంతి తీసుకుని, పొయ్యి చల్లబడ్డాక, కింది మెట్టు మీద కాసేపు కూర్చోవచ్చు, ఒక్కరే మాత్రం వద్దు అందట.

…వెళ్లనా? మరి మీ ఆయన? …ఆ, అది బావుంది! నువ్వు లైన్లోనే ఉండి ఆయన్ని మాట్లాడిస్తూ ఉండు. తలుపు తీసే ఉంచుతాలే, అరుగు కనిపిస్తూనే ఉంటుంది. ఆయన గొంతు ఆగిందంటే నేను బయటికొచ్చేస్తా.

వస్తున్నా అర్వో!

ఇదిగో టౌనో, పట్టుకో, నీ పెళ్లాం… తల అడ్డంగా ఊపకు. పట్టుకో!