పద్నాలుగో సీజన్‌లో ఆ మూడు ఎపిసోడ్లు

హలో… ఆ, నేనే, మీ వదినని. చెప్పు అబ్బాయ్.

…రివ్యూనా? రాస్తున్నా. సాయంత్రం ఐదుకి పేపర్ పేజీ ప్రెస్సుకి వెళ్ళిపోతుంది. ఇంకా నక్షత్రాలు వెయ్యలేదు.

…నన్నడుగుతావేంటి? హెడ్ రైటర్‌వి నువ్వు. పది ఎపిసోడ్లకీ నీ పేరే పడింది కదా.

…ఉన్నదున్నట్టు చెప్పమంటావా? అతుకుల బొంతలా ఉంది. మొదటి రెండూ ఆవలింతలు. నాలుగు, ఐదు, ఆరు… మీ అంతరిక్ష ఓడ ఒకే గ్రహం చుట్టూ తిరుగుతూనే ఉంది, దిగడానికి ఎవరికీ తీరిక లేదు. ఆఖర్లో చచ్చిపోయిన డాక్టరమ్మని మళ్ళీ లేపారు. మూడోసారి నాయనా. ఇక ఆవిడ పోయినా నాకు ఏడుపు రాదు.

…ఆగు, అయిపోలేదు. మూడు, ఏడు, ఎనిమిది. ఆ మూడూ ఎవరు రాశారు?

…నువ్వే.

…అబ్బే, అనుమానమేం లేదు. ఊరికే అడిగా. ఎనిమిదిలో కెప్టెనూ వాళ్ళావిడా గిన్నెలు తుడుచుకుంటూ పోట్లాడుకుంటారు చూడు, ఇద్దరిలో ఒక్కరూ గొంతు పెంచరు. అది నీకెక్కడ తట్టింది?

…అలా వచ్చేసిందా. నీకింకా పెళ్ళి కూడా కాలేదు.

…డొంకతిరుగుడు నాది కాదు, నువ్వే నీళ్ళు నములుతున్నావు. సరే, ఇంకోటి. ఓడ బయటి తలుపుకి మీట ఉంది కదా. ఎటు లాగాలి?

…కిందికి. మొదటి సీజన్ నుంచీ కిందికే. మరి ఆ మూడు ఎపిసోడ్లలో అందరూ పైకి ఎత్తుతున్నారేంటి?

…నటులు చూసుకోలేదా? ముగ్గురు నటులకీ ఒకే పొరపాటా? స్క్రిప్టులో అలా ఉంది కాబట్టి చేశారు. స్క్రిప్టులు సరిచూసే అమ్మాయిని ఈసారి తీసేశామని నువ్వేగా చెప్పావు. ఆ పిల్ల ఉన్నన్నాళ్ళూ ఆ తప్పు ఒక్కరి దగ్గరే దిద్దేది. మీ అన్నయ్య దగ్గర. మా బాల్కనీ గడియ పైకి ఎత్తితేగానీ రాదు. ఆయన చేతికి అదే అలవాటు, రాసేటప్పుడు కూడా పైకే ఎత్తేవారు.



…ఆయన మీ సీరియల్ మానేసి రెండేళ్ళయింది. కాగితాలు రెండు పెట్టెలు మీ ఆఫీసులోనే ఉండిపోయాయి. నా అనుమానం చెప్పనా? ఆ పెట్టెలు విప్పావు. నీకు పని నేర్పిన మనిషి రాత తీసి, నీ పేరు పెట్టుకున్నావు.

…ఒట్లు వద్దు. వదినా అని పిలుస్తావుగా, వదినకి నిజం చెప్పు. లేదంటే ఈ మాటే పేపర్లో రాసేస్తా.

…ఏంటి?

…ఆయనే ఇచ్చారా? ఎప్పుడు… లైబ్రరీకని వెళ్ళేది మీ ఇంటికా? ఆరు నెలల నుంచా?

…నీ పేరు పెట్టమన్నదీ ఆయనేనా. ఎందుకు, తన పేరుకేమైంది?

…మళ్ళీ చెప్పు.

…అవును. కోసేదాన్ని. ఆయన రాసిన ప్రతి ఎపిసోడ్‌కీ ఒక నక్షత్రం తగ్గించేదాన్ని. మొగుడని పొగిడింది అని ఎవరూ అనకూడదని. ఆయనకి చెప్పే కోశాను. నవ్వేవారు. నవ్వుతున్నారు కదా అనుకున్నా.

…పన్నెండు సీజన్లు, అవును.

…ఒక్కసారి పరాయివాడి రాత అనుకుని రాస్తే ఏమంటానో చూడాలని… అంతేనా ఆయనన్నది?

…ఛానల్ కోసం కాదు. నా కోసం.

…ఆగు. నీ పక్కన ఎవరో దగ్గారు.

…ఇంతసేపూ పక్కన కూర్చోబెట్టుకునే మాట్లాడుతున్నావా? ఫోన్ ఇవ్వు ఆయనకి.

…విన్నారు కదా అంతా.

…కోపం ఉంది. చాలా ఉంది. ఆరు నెలలు అబద్ధం చెప్పారు. ఆ సంగతి ఇంటికొచ్చాక చూసుకుందాం. ముందు ఇది వినండి. ఈ రివ్యూ ఇంకెవరిచేతైనా రాయించమని ఎడిటర్‌కి చెప్తున్నా. ఇదొక్కటే కాదు, ఇక మీరు రాసినదాని మీద పేపర్లో ఒక్క ముక్క రాయను.

…శిక్ష కాదండీ. పేపర్లో రాసినన్నాళ్ళూ ఇంట్లో నోరు విప్పలేకపోయాను.

…ఎన్ని నక్షత్రాలో నన్నడక్కండి. ఎనిమిదోది చూస్తూ ఏడ్చాను. మీరు పక్క గదిలోనే ఉన్నారు. వినపడకూడదని కొళాయి తిప్పి, ఏడ్చాను.

…ఊహూఁ. పరాయివాడి రాత అనుకుని కాదు. మీదని తెలిసే.



…ఇప్పుడేం చెప్పకండి. పెట్టేస్తున్నా, ఇంటికి రండి.